బరువు దారి అరికాలి మీదుగా

కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు దిగే రోజుల్లో హమాలీలు బస్తా ఎత్తే తీరు కాసేపు నిలబడి చూడదగ్గది. నిండు బస్తాను నేల మీది నుంచి ఒంటరిగా వీపు మీదికి లాక్కోవాలని ఎవరూ చూడరు. ఇద్దరు చెరో కొస పట్టి లేపుతారు. మోసే మనిషి కాస్త వంగి వీపు అందిస్తాడు. బస్తా మెడ దిగువన, రెండు భుజాల మధ్య కుదురుకున్నాకే మొదటి అడుగు వేస్తాడు. ఆ అడుగు పొట్టిది, అరికాలు మొత్తం నేలకు ఆనుతుంది. దించేటప్పుడు వీపు వాల్చి బస్తాను జారవిడుస్తాడు, దాంతోపాటు తాను కిందికి పోడు. బరువు ఎక్కడానికి, నిలవడానికి, దిగడానికి మూడింటికీ అక్కడ ఒక పద్ధతి ఉంది.

కడపలోనో నంద్యాలలోనో మిద్దె మీద ఒంటరిగా బార్‌బెల్ పట్టుకున్న కుర్రవాడికి ఆ మూడూ ఎవరూ చెప్పలేదు. ఐదడుగుల రాడ్డు, నాలుగు ప్లేట్లు తెప్పించుకున్నాడు. ఫోన్‌లో ఒక కండల వీరుడి వీడియో చూశాడు. ఆయన ఎంత వంగాడో అంతే వంగాలని, ఆయన పాదాలు ఎంత దూరం పెడితే అంతే పెట్టాలని తంటాలు పడుతున్నాడు. నడుము పట్టేస్తోంది, మడమలు లేచిపోతున్నాయి. తన ఒళ్లే దీనికి పనికిరాదేమో అనుకుంటున్నాడు. ఒంట్లో ఏ లోపమూ లేదు. ఇంకొకరి ఎముకల పొడవుకు కుదిరిన బొమ్మను తన ఎముకల మీద అచ్చు వేయాలని చూస్తున్నాడు, చిక్కంతా అక్కడే. బరువు మోస్తూ బస్కీ తీసే ఈ స్క్వాట్‌లో అందరికీ వర్తించేది ఒక భౌతిక సూత్రం మాత్రమే. ఆ సూత్రం తెలిస్తే ఎవరి బొమ్మను వాళ్లు గీసుకోవచ్చు.

సూత్రం ఇది. మనిషి నిలబడి ఉండాలంటే ఒంటి గరిమనాభి పాదాల మీదుగానే ఉండాలి. ఒట్టి చేతులతో బస్కీ తీసేటప్పుడు ఆ నాభి మన పొత్తికడుపు దగ్గర ఉంటుంది. భుజాల మీద బరువు పెట్టగానే అది పైకి జరుగుతుంది. బరువు పెరిగేకొద్దీ మన ఒళ్లు, బార్‌బెల్ కలిసిన ఉమ్మడి నాభి బార్‌బెల్ వైపు పోతుంది. కాబట్టి పక్క నుంచి చూస్తే రాడ్డు కొస అరికాలి నడిమికి నేరుగా పైన ఉండాలి. కిందికి దిగినా పైకి లేచినా ఆ నిలువు గీతను వదలకూడదు. మడమకూ బొటనవేలి మొదలుకూ మధ్య, అంటే చెప్పు తాళ్లు ముడిపడే చోటుకు కాస్త వెనగ్గా, ఆ గీత నేలను తాకుతుంది.

గీత తప్పితే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. నిండు బిందెను చంకన పెట్టుకుని ఊరి చివరి కుళాయి నుంచి ఇంటిదాకా నడవగలరు, అదే బిందెను చేతులు చాచి ముందుకు పట్టుకోమంటే పది అడుగులు వేయలేరు. నీళ్ల బరువు మారలేదు, ఒంటికీ బిందెకూ మధ్య దూరం పెరిగింది. బడిలో చదువుకున్న బలభ్రామకం ఇదే: బరువును దూరంతో హెచ్చించాలి. 40 కిలోల బార్‌బెల్ భూమి వైపు లాగే బలం సుమారు 392 న్యూటన్లు. కింద కూర్చున్నప్పుడు రాడ్డు నుంచి జారే నిలువు గీతకు తుంటి కీలు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అక్కడ పడే భ్రామకం 98 న్యూటన్ మీటర్లు. రాడ్డు ఒక్క 5 సెంటీమీటర్లు ముందుకు జరిగితే అది 118 దగ్గరికి పోతుంది. ప్లేటు ఒక్కటీ ఎక్కించకుండానే తుంటి, నడుము కండరాల పని ఐదో వంతు పెరిగింది. మొదటి నెలలో నడుము పట్టేసే వాళ్లలో చాలామందికి కారణం బరువు కాదు, ఈ ఐదు సెంటీమీటర్లే అని నా నమ్మకం.

ఇక్కడే తొడ ఎముక పొడవు మాట వస్తుంది. తొడ పొడుగ్గా, మొండెం పొట్టిగా ఉన్న మనిషి కూర్చుంటే తుంటి చాలా వెనక్కి పోతుంది. రాడ్డును అరికాలి మీదికి తేవాలంటే అతను ముందుకు బాగా వంగక తప్పదు. తొడ పొట్టిగా ఉన్నవాడు దాదాపు నిటారుగా కూర్చుని లేస్తాడు. ఇద్దరిదీ సరైన తీరే. నిటారుగా ఉండాలని పొడుగు తొడల మనిషిని బలవంతపెడితే మడమలు గాల్లోకి లేస్తాయి, లేదా వెనక్కి పడతాడు. పాదాలను భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ ఎడంగా పెట్టి, వేళ్లను బయటికి తిప్పితే తొడలు పక్కలకు తెరుచుకుంటాయి, పక్క నుంచి చూసినప్పుడు వాటి పొడవు తగ్గినట్టవుతుంది. పొడుగు కాళ్ల వాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన కిటుకు అది.

మోకాలి భయం దగ్గర కాస్త ఆగాలి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదీ, జిమ్ముల్లో సగం మంది చెప్పేదీ ఒకటే: మోకాలు బొటనవేలు దాటకూడదు, పూర్తిగా కూర్చోకూడదు. ఈ భయానికి ఒక పుట్టుక ఉంది. 1961లో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్, లోతు స్క్వాట్లు చేసేవాళ్ల మోకాలి బంధనాలు వదులవుతాయని రాశాడు. ఆ మాట వ్యాయామ గురువుల నోళ్లలో పడి దేశాలు దాటింది. తర్వాత వేరే పద్ధతులతో కొలిచినవాళ్లకు ఆ వదులు కనపడలేదు. 2013లో హార్ట్‌మాన్, విర్త్, క్లూసెమాన్ అనే జర్మన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడగట్టి, తీరు నేర్చుకుని క్రమంగా బరువు పెంచితే లోతు స్క్వాట్ మోకాలికి చేటు చేయదని తేల్చారు. సగంలో ఆగడమే క్షేమం అన్న నమ్మకాన్ని వాళ్లు తిప్పికొట్టారు. మోకాలు 90 డిగ్రీల దగ్గర మడిచినప్పుడు చిప్ప కింద ఒత్తిడి తీవ్రంగా ఉంటుంది. ఇంకా దిగితే తొడ స్నాయువు ఎముకను చుట్టుకుని కొంత భారం పంచుకుంటుంది, తొడ వెనుక భాగం పిక్కకు ఆని ఇంకొంత తీసుకుంటుంది. లోతు స్క్వాట్‌లో మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు మనిషి సగం స్క్వాట్‌లో పెట్టుకుంటాడు, అదీ సరిగ్గా ఆ 90 డిగ్రీల దగ్గరే దిశ మార్చి లేస్తాడు.

బొటనవేలి సంగతి 2003లో ఆండ్రూ ఫ్రై, ఆయన సహచరులు తేల్చారు. బరువులు ఎత్తడం అలవాటున్న ఏడుగురు మగవాళ్ల చేత ఒంటి బరువంత బార్‌బెల్‌తో స్క్వాట్ చేయించారు. ఒకసారి మామూలుగా, ఒకసారి వేళ్ల ముందు చెక్క నిలబెట్టి మోకాలు దాటకుండా. చెక్క అడ్డు పెట్టినప్పుడు మోకాలి మీది భ్రామకం 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కు తగ్గింది. తుంటి దగ్గర మాత్రం 28 నుంచి 303కు ఎగబాకింది. మోకాలికి మిగిల్చిన కొంచెం, ఎనిమిదింతలై తుంటి మీదా నడుము మీదా పడింది. కాబట్టి మోకాలిని ముందుకు పోనివ్వండి. అది పాదం వేళ్లు చూపే దిక్కుకే పోవాలి, లోపలికి ఒకదానివైపు ఒకటి వాలకూడదు. మోకాలి విషయంలో గట్టిగా పట్టుకోవాల్సిన నియమం ఇదొక్కటే.

సీమ మనిషికి ఇందులో పుట్టుకతో దక్కిన సొత్తు ఒకటుంది. బుడ్డల చేలో కలుపు తీసే ఆడవాళ్లు, కళ్లంలో ఉల్లిగడ్డల కాడలు కోసేవాళ్లు, రచ్చకట్ట దగ్గర బీడీ ముట్టించుకునే ముసలాయన, వీళ్లంతా గొంతుక్కూచుని గంటలు గడిపేస్తారు. మడమలు నేలకు ఆని ఉంటాయి, మోకాళ్లు వేళ్లను దాటి చాలా ముందుకు పోయి ఉంటాయి. ఈ భంగిమ ఎముక మీద కూడా ముద్ర వేస్తుంది. పిక్క ఎముక కింది కొస చీలమండను తాకే అంచున చిన్న నునుపు పలకలు ఏర్పడతాయని ఆర్థర్ థామ్సన్ 1889లో రాశాడు. లాహోరులో శరీరశాస్త్రం బోధించిన హావెలాక్ చార్లెస్ 1893లో పంజాబీల ఎముకల్లో వాటిని వివరంగా చూపించాడు. నేటికీ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరం గొంతుక్కూచునే జనానిదా కాదా అని పోల్చుకోవడానికి ఆ గుర్తులు చూస్తారు.

ఈ సొత్తు ఒక తరంలోనే కరిగిపోతోంది. కుర్చీ బల్లల బడి, కమోడు, మోటారు సైకిలు, కంప్యూటరు ముందు ఉద్యోగం వచ్చాక చీలమండ పూర్తిగా మడిచే అవసరమే రోజులో ఒక్కసారి కూడా రాదు. వాడని కీలు బిగుసుకుంటుంది. ఇరవై ఐదేళ్ల మనవడు మడమలు లేపకుండా కూర్చోలేడు, డెబ్బై ఏళ్ల అవ్వ కూర్చుంటుంది. అలాగని గంటలకొద్దీ గొంతుక్కూచోవడం మేలని చెప్పడం లేదు. బీజింగ్‌లో జరిగిన అధ్యయనం ఒకటి 2004లో వెలువడింది. వయసులో ఉండగా రోజూ చాలాసేపు అలా కూర్చున్న వాళ్లకు ముసలితనంలో మోకాలి కీళ్ల అరుగుదల ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. గంటలు కదలకుండా కూర్చోవడం వేరు, దిగి వెంటనే లేవడం వేరు.

నేర్చుకోవడం రాడ్డుతో మొదలుపెట్టకండి. మొదటి వారం ఒట్టి చేతులే. గుమ్మం పట్టుకుని గొంతుక్కూచోండి, మడమలు నేలను వదలకుండా ఎంత కిందికి పోగలరో చూసుకోండి, అక్కడ అర నిమిషం ఉండండి. మోకాళ్లను కొంచెం ముందుకు నెడుతూ చీలమండను సాగదీయండి. మడమలు లేస్తుంటే వాటి కింద అర అంగుళం మందం చెక్కపలక పెట్టుకోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. బరువులెత్తే క్రీడాకారుల బూట్లకు మడమ ఎత్తుగా ఉండేది ఇందుకే. మెత్తటి పరుగు బూట్లు మాత్రం వద్దు. నురుగు అట్ట కింద నలుగుతుంటే గరిమనాభి గీత ఊగుతుంది. ఉత్త కాళ్లు మేలు.

రెండో మెట్టుకు కావాల్సిన పరికరం ప్రతి ఇంట్లోనూ ఉంది. మంచినీళ్లు తెచ్చుకునే క్యాను. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి, పది లీటర్ల క్యానును సగం నింపితే ఐదు కిలోలు, నిండా నింపితే పది. ఛాతీకి హత్తుకుని రెండు చేతులతో పట్టుకోండి. ముందు ఉన్న ఆ బరువు వెనక్కి పడకుండా ఆపుతుంది, మొండెం తనంతట తానే నిటారుగా అవుతుంది. కూర్చున్నప్పుడు రెండు మోచేతులూ మోకాళ్ల లోపలి వైపు రావాలి. ఛాతీకి పట్టి చేసే ఈ పద్ధతిని ప్రచారం చేసినవాడు అమెరికన్ శిక్షకుడు డాన్ జాన్. మాటలతో చెప్పి సరిదిద్దలేని తీరును ఈ బరువే సరిదిద్దుతుంది, ఒంటరిగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు. నీళ్లు లోపల అటూ ఇటూ ఊగకుండా ఉండాలంటే ఇసుకతో నింపుకోండి, బరువు ఇంకా పెరుగుతుంది.

ఫోన్‌కు ఇక్కడ అసలైన ఉపయోగం ఉంది. ఇంకొకరి వీడియో చూడటం మానేసి మీదే తీసుకోండి. ఫోన్ తుంటి ఎత్తున, సరిగ్గా పక్క నుంచి ఉండాలి. తెర మీద అరికాలి నడిమి నుంచి పైకి వేలితో గీత గీసి చూడండి, బరువు దాన్ని పట్టుకుని దిగుతోందా లేదా. తుంటి ముడత మోకాలి పై అంచు కన్నా కిందికి పోతే లోతు సరిపోయినట్టు. అంతకు ముందే నడుము కింది భాగం గుండ్రంగా లోపలికి ముడుచుకుంటుంటే, ఆ ముడుపు మొదలయ్యే చోటికి కాస్త పైనే మీ లోతు. తుంటి గిన్నె కొందరికి లోతు, కొందరికి లోతు తక్కువ, అది సాధనతో మారదు.

ఇక రాడ్డు. వీపు మీద పెట్టుకునే స్క్వాట్‌ను స్టాండు లేకుండా ఇంట్లో ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ర్యాకులు లేని రోజుల్లో జర్మనీలో పుట్టిన హెన్రీ స్టైన్‌బోర్న్ రాడ్డును నిలువుగా నిలబెట్టి, దాని కిందికి దూరి వీపు మీదికి వాల్చుకునేవాడు. 1920లలో అమెరికాకు బరువైన స్క్వాట్‌ను పరిచయం చేసినవాళ్లలో ఆయన పేరు ముందుంటుంది. ఆయన విద్య ఆయనకే చెల్లింది. మన మిద్దె మీద ఆ పని చేస్తే పోయేది నడుమో నాపబండో. మన ఇళ్ల నేలలు బేతంచెర్ల, కడప వైపు సున్నపురాతి బండలవి. ఎండను, తడిని ఎంతైనా ఓర్చుకునే ఆ రాయి దెబ్బకు మాత్రం పగులుతుంది, కింద గుల్లగా ఉంటే ముప్పై కిలోల ప్లేటు ఒక్కసారి జారినా చాలు. ఇసుక నింపిన గోనెసంచులు రెండు పక్కలా పరచడం తక్కువ ఖర్చులో కుదిరే ఏర్పాటు.

స్టాండు లేనివాళ్లు రాడ్డును ముందు భుజాల మీద, మెడకు ఆనించి పట్టుకుని చేయాలి. ఇందులో ఒక కాపుదల దాగి ఉంది. నేల నుంచి భుజాలదాకా మీరే లేపుకోగలిగిన బరువే వాడతారు కాబట్టి అతిగా ఎక్కించుకోలేరు. లేవలేకపోతే చేతులు వదిలి వెనక్కి అడుగేస్తే రాడ్డు ముందు పడిపోతుంది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి కంచు పతకం సాధించింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆ 130 కిలోలను తల మీదికి తీసుకుపోయే ముందు ఆమె చేసింది ఇదే స్క్వాట్: ముందు భుజాల మీద రాడ్డుతో అడుగంటా కూర్చుని నిలబడడం.

స్టాండు కొనుక్కున్నవాళ్లకు మూడు మాటలు. కొక్కేలు మీ చంక ఎత్తుకు కాస్త దిగువన ఉండాలి, మునివేళ్ల మీద లేచి రాడ్డు అందుకునే అవసరం రాకూడదు. అడుగంటా కూర్చున్నప్పుడు రాడ్డు ఉండే ఎత్తుకు కాస్త దిగువన అడ్డ రాడ్లు ఉన్న స్టాండే కొనండి, లేవలేని రోజున బరువును వాటి మీద వదిలి బయటికి రావచ్చు. రాడ్డు మెడ ఎముక మీద కాకుండా, భుజాలు వెనక్కి నొక్కితే లేచే కండల దిండు మీద కూర్చోవాలి. హమాలీ బస్తా కుదురుకునే చోటు కూడా అదే.

ఊపిరి గురించి. దిగే ముందు పొట్ట నిండా గాలి పీల్చి, ఎవరో పొట్ట మీద కొట్టబోతున్నట్టు బిగించండి. పొట్ట లోపలి ఒత్తిడి పెరిగి వెన్నెముకకు ముందు వైపు నుంచి ఊతం వస్తుంది. లేవడం పూర్తవుతుండగా వదలండి. దీనికి ఒక మూల్యం ఉంది. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1985లో మెక్‌డూగల్ బృందం కండల వీరుల ధమనిలో గొట్టం పెట్టి, కాళ్లతో బరువు నెట్టేటప్పుడు రక్తపోటు కొలిచింది. సగటున 320/250 దాకా పోయింది, ఒకరికి 480/350 దాటింది. కొద్ది క్షణాలే అయినా, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, కంటి లోపల శస్త్రచికిత్స జరిగినవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ఊపిరి బిగబట్టకూడదు. తేలిక బరువుతో, లేచేటప్పుడు గాలి వదులుతూ చేయాలి.

మా సీమ పల్లెల్లో ఉగాదికో జాతరకో రాతిగుండు, బండి ఇరుసు ఎత్తే పోటీలు జరుగుతాయి. అక్కడ ఉన్న బలమంతా ఒక్క ఎత్తులో చూపాలి. నేర్చుకునే రోజుల్లో చేయాల్సింది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండలోంచి రాదు, నరాల్లోంచి వస్తుంది. మొరితాని, డివ్రీస్ 1979లో దీన్ని కొలిచి చూపించారు: తొలి మూడు నుంచి ఐదు వారాల లాభంలో పెద్ద వాటా నాడీ వ్యవస్థ నేర్చుకున్నదే, కండ పెరగడం తర్వాత అందుకుంటుంది. మెదడు ఏ తీరును వందసార్లు చూస్తే ఆ తీరునే గట్టిపరుచుకుంటుంది, వంకర తీరైనా సరే. అందుకే తక్కువ బరువు, ఐదు ఐదుగా, వారంలో మూడు రోజులు. ఐదో బస్కీ మొదటిదానిలా లేకపోతే ఆ రోజుకు చాలించాలి.

ఇది కుర్రాళ్ల పని మాత్రమే అనుకునే తల్లులకు ఒక లెక్క చెప్పాలి. ఆస్ట్రేలియాలో ముట్లుడిగిన, ఎముకలు పలచబడిన 101 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేసి ఎనిమిది నెలలు గమనించారు, ఫలితాలు 2018లో వచ్చాయి. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున శిక్షకుల కళ్లముందు స్క్వాట్ వంటి బరువైన వ్యాయామాలు చేసినవాళ్లకు నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది.

మే నెలలో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, మిద్దె రాత్రి తొమ్మిదింటికీ సెగలు కక్కుతుంది. తెల్లవారుజామున, నీళ్లు తాగి, కింది గదిలోనో వసారాలోనో చేయండి. చెమట చేతులకు రాడ్డు జారుతుంది, పక్కన పొడి తువ్వాలు ఉండాలి. తిండి దగ్గర సీమకు కొరతేమీ లేదు గానీ పాళ్లు సరిచూసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలంటుంది, బరువులు ఎత్తేవాళ్లకు దాదాపు రెట్టింపు కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో ఉండేది ఏడు గ్రాములే, ఉలవల్లో 22, శనగవిత్తనాల్లో 25. సంగటి ముద్ద తగ్గించనక్కర్లేదు, పక్కన ఉలవచారు, శనగవిత్తనాల ఊరిబిండి, గుడ్డు, వీలైతే మాంసం పెరగాలి.

తొడల్లో, పిరుదుల్లో రెండు రోజులు ఉండే తీపు కండది, దానితో భయం లేదు. నొప్పి లేకుండా మోకాలు కిటకిటమనడమూ చాలావరకు హాని లేనిదే. కీలు లోపల సూదిలా గుచ్చినా, మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, నడుము నుంచి కాలి కిందిదాకా తిమ్మిరో మంటో పాకినా బరువు దించేసి ఎముకల వైద్యుణ్ణి కలవండి. అవేవీ లేకుండా పది లీటర్ల క్యానుతో పదిసార్లు, అరికాలి మీది గీత తప్పకుండా దిగి లేవగలిగిన రోజున ఒట్టి రాడ్డు చేతికి తీసుకోవచ్చు. ఆ తర్వాత వారానికి రెండు కిలోలకు మించి ఎక్కించకండి.